బరఫు ఆటవాళ్ల పూటకూళ్లు

ఆలంపూర్‌లో కోటగోడ పక్క సందులో సుభద్రమ్మ పూటకూళ్ల ఇల్లు నడిపిన రోజుల్లో, ఆ ఊరికి పని మీద వచ్చిన పరాయివాళ్లు మధ్యాహ్నానికి ఆమె అరుగు మీదికే చేరేవాళ్లు. కచేరీకి వచ్చిన రైతులు, గుళ్లు చూడవచ్చిన యాత్రికులు, శాసనాలు రాసుకోవడానికి హైదరాబాదు నుంచి వచ్చే పెద్దమనుషులు, అందరికీ అదే చాప, అదే విస్తరి. ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. ఎదుట నిలబడి విస్తరి వంక చూస్తూ ఉండేది. తినేవాడు చాలనే లోపలే ఇంకో గరిటె పడేది.

ఆమెది ఆత్మకూరు. పద్మశాలీల ఇల్లు. భర్త బిక్షం చీరల అంచులు నేయడంలో చుట్టుపక్కల పేరున్న మనిషి. నలభై నిండకముందే అతనికి చూపు మందగించింది. కర్నూలు దవాఖానలో అద్దాలు ఇచ్చారు గానీ, తెగిన సన్నపోగును పట్టుకోవడానికి ఆ చూపు చాలలేదు. పిల్లలు లేరు. మగ్గం దగ్గర ఊరికే కూర్చునే భర్తను చూడలేక సుభద్రమ్మే ఒకనాడు, "వంట నాకొస్తది. బజారు నీకు తెలుస్తది. ఆలంపూర్ పోదాం" అంది. అలా 1957లో కిరాయి ఇల్లు తీసుకుని పొయ్యి వెలిగించారు. ఆరేడేళ్లలో ఒక పాడిబర్రె, రెండు పెద్ద గుండిగలు, ఆమె నడుముకు వెండి వడ్డాణం అమిరాయి. పైపనికి గోవిందమ్మ అనే ఆమెను పెట్టుకున్నారు. అంతకు మించి ఏదో కావాలని వాళ్లెప్పుడూ అనుకోలేదు.

ఆ ఊరి హైస్కూల్లో అమరేందర్ అని ఒక మాస్టరు ఉండేవాడు. ముప్పై ఏళ్ల మనిషి. రోజూ సాయంత్రం నవబ్రహ్మ ఆలయాల చుట్టూ తిరిగేవాడు. ఇంత పాత గుళ్లు, ఇంత చక్కని శిల్పం ఉండి, దేశంలో ఎవరికీ ఈ ఊరి పేరు తెలియదే అని బాధపడేవాడు. 1963 చివర్లో ప్రభుత్వం నుంచి ఒక కబురు వచ్చింది. చూడదగ్గ స్థలాలకు బయటి జనాన్ని రప్పించడానికి ఊళ్లలో ఉత్సవాలు జరిపితే, వచ్చిన నష్టానికి గ్రాంటు ఇస్తారట. ఊరి పెద్దలు ఉత్సవ సంఘం ఒకటి పెట్టి, ఇంగ్లీషు రాయగలడని అమరేందర్‌ను కార్యదర్శిని చేశారు.

గుళ్ల కోసమే అయితే ఎవరూ రారు, ఇంకెక్కడా దొరకని ఆట ఒకటి ఉండాలి అని అతను పట్టుబట్టాడు. హైదరాబాదులో ఒకసారి అతను మంచుగడ్డ మీద ఆడే ఆట చూశాడు. నేల మీద ఇనుపగొట్టాలు పరిచి, వాటిలో చల్లబరిచిన ఉప్పునీళ్లు తిప్పి, పైన పోసిన నీళ్లను గడ్డ కట్టిస్తారు. ఆ గడ్డ మీద ఇనుప పట్టీల బూట్లు వేసుకుని ఆటగాళ్లు పాటకు తిరుగుతారు. అలాంటి ఒక బొంబాయి కంపెనీతో అతను మాట్లాడి వచ్చాడు.

వచ్చిన సాయంత్రమే సుభద్రమ్మ అరుగు మీద కూర్చుని సంగతి చెప్పాడు.

"బరఫు మీద ఆడుడేంది సారూ? కాళ్లు జారవా?"

"జారుడే ఆటమ్మా."

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "గంత బరఫు గీ ఊర్ల నిలుస్తదా?"

"మిషిని నడిచినన్ని రోజులు నిలుస్తది." తర్వాత ఆమెతో పడ్డ పని చెప్పాడు. కంపెనీ మనుషులు ఇరవై ఇద్దరు. రెండు పూటలా అన్నం పెట్టాలి. తలకు రోజుకు రూపాయి పావలా. ఆ డబ్బు కంపెనీ కాదు, సంఘమే ఇస్తుంది, పక్షానికొకసారి.

"పైసలు యాడికెళ్లి వస్తయి?" అని బిక్షం లోపలి నుంచి అడిగాడు.

"ఆటకు మూడొందల యాభై కంపెనీకి ఇస్తమని మాటిచ్చినం. టికెట్ల పైసలు మనకొస్తయి. తక్కువ పడ్డది గ్రాంటుల నుంచి నింపుకుంటం. మూడు వాయిదాలల్ల ఇస్తరు. మొదటిది వచ్చేసింది కూడా."

సర్కారు డబ్బు అనేసరికి బిక్షానికి ఇంకేం అడగాలో తోచలేదు. సుభద్రమ్మ సరేనంది. కిరాణం జానయ్య దగ్గర బియ్యం, పప్పు అరువుకు చెప్పింది. అతనికీ సర్కారు డబ్బు అనే మాటే చాలింది.

1964 జనవరిలో లారీలు దిగాయి. ఊరి బయట మైదానంలో డేరా లేచింది. దాని వెనక డీజిల్ ఇంజను, దాని పక్కన గొట్టాల యంత్రం. మేనేజరు పింటో అనే గోవా మనిషి, యాభై ఏళ్లవాడు, తెల్లని పాత కోటు. అతనికి తెలుగు రాదు, సుభద్రమ్మకు ఉర్దూ కొద్దిగా వచ్చు. అన్నం, నీళ్లు, ఉప్పు, కారం దగ్గర మొదలై వాళ్ల మాటలు నెమ్మదిగా ఇళ్ల దాకా, కష్టాల దాకా వెళ్లాయి. ఆటగత్తెల్లో లోర్నా అనే పిల్ల ఉండేది. ఇరవై ఏళ్లుంటాయి. కారం తినలేక కళ్లనీళ్లు పెట్టుకునేది. సుభద్రమ్మ ఆ పిల్ల కోసం గిన్నెడు పప్పు మిరపకాయ వేయకుండా తీసి పక్కన పెట్టేది.

మొదటి ఆటకు సుభద్రమ్మ, బిక్షం వెళ్లారు. డేరాలో అడుగు పెట్టగానే చలి కాళ్లకు తగిలింది. దీపాలు వెలిగాక ఆ గడ్డ పాలరాయిలా మెరిసింది. లోర్నా వెండిరేకుల బట్టల్లో వచ్చి, ఒక్క కాలి మీద వంగి, చేతులు చాచి, డేరా ఈ కొస నుంచి ఆ కొసకు అడుగు వేయకుండానే వెళ్లిపోయింది. డేరా నిండా ఉన్న జనం ఊపిరి బిగబట్టారు. మిరపకాయకు ఏడ్చే పిల్ల ఇదేనా అనుకుంది సుభద్రమ్మ.

"ఏమవుతాంది?" అని బిక్షం అడిగాడు. అతనికి తెల్లని వెలుగు అటూ ఇటూ కదలడం తప్ప ఏమీ కనబడలేదు.

"గిరగిర తిరుగుతాంది. పడతలేదు. ఒక్క కాలి మీదనే."

"ఇనుము కోస్తున్న సప్పుడైతే ఇనబడుతాంది. మంచిగున్నది" అన్నాడతను.

జనం విరగబడి వచ్చారు. గద్వాల, మానోపాడు, అయిజ, ఆత్మకూరు దాకా కబురు పాకింది. బండ్లు కట్టుకుని, చద్దిమూటలతో వచ్చి, ఆట చూసి, రాత్రికే బండ్లు తిప్పుకుని పోయేవాళ్లు. కర్నూలు వాళ్లు ఏరు దాటి వచ్చి ఆట కాగానే వెళ్లిపోయేవాళ్లు. డేరాలో చోటు లేక బయట నిలబడిపోయినవాళ్లు ఉన్నారు.

కానీ అందరికీ కావలసింది నాలుగణాల నేల టికెట్టే. డేరా నిండా జనం ఉన్నా టికెట్ల మీద రెండొందలు వస్తే గొప్ప. కంపెనీకి మూడొందల యాభై, పైన డీజిల్. ఆట ఉన్నా లేకున్నా ఇంజను పగలూ రాత్రీ నడవాల్సిందే. ఆపితే గడ్డ కరుగుతుంది, మళ్లీ కట్టించడానికి రెండింతల డీజిల్ తాగుతుంది. అందువల్ల జనం పెరిగినా లోటు తగ్గలేదు. డేరా ఎంత పెద్దదో అంతే మంది పడతారు. అమరేందర్ మాత్రం జనాన్ని చూసి పొంగిపోయేవాడు. రెండో వాయిదా వస్తే అన్నీ సర్దుకుంటాయనేవాడు. మొదటి పక్షం సుభద్రమ్మకు డబ్బు సరిగ్గా ముట్టింది. రెండో పక్షం సగం ముట్టింది. ఆ తర్వాత ఆగింది.

శివరాత్రి వెళ్లాక హైదరాబాదు నుంచి ఒక అధికారి ఉత్సవం చూడవచ్చాడు. మధ్యాహ్నం సుభద్రమ్మ ఇంట్లోనే తిన్నాడు. పచ్చిపులుసు బాగుందని రెండుసార్లు పోయించుకున్నాడు. చేతులు కడుక్కుంటూ ఆమెను అడిగాడు, "బయటి జిల్లాల వాళ్లు రాత్రి ఎక్కడ ఉంటున్నారమ్మా?"

"యాడుంటరు సారూ, ఆట సూసి పోతరు" అంది ఆమె. ఉన్నమాటే చెప్పింది. ధర్మశాలలో అడిగినా, ముసాఫిరు బంగళాలో అడిగినా అతనికి అదే జవాబు దొరికింది.

రెండో వాయిదా రాలేదు.

ఫిబ్రవరి ఆఖరుకు జానయ్య అరువు ఆపేశాడు. అతను కఠినుడేమీ కాదు. తూకం రాయి చేతిలో పట్టుకుని నేల చూస్తూ అన్నాడు, "సుభద్రక్కా, నేను గూడ కర్నూల్ల తెచ్చుకుని అమ్మెటోన్నే. ఆడ నన్నడుగుతున్నరు. సర్కారు పైసలని అక్కడ చెప్తే నవ్వుతున్నరు."

ఆ రాత్రి భోజనాలయ్యాక బిక్షం అన్నాడు, "రేపటి సంది ఆపుదాం. మనం చెప్పినం, వాళ్లు ఇయ్యలె. మన తప్పు లేదు."

"తప్పు లేదు" అని ఆమె ఒప్పుకుంది. "పొద్దున వాళ్లొచ్చి కూసుంటరు. ఏం జెప్పాలె?"

పొద్దున వాళ్లు వచ్చి కూర్చున్నారు. పింటో చాప చివర కూర్చుని తల ఎత్తలేదు. బొంబాయిలో కంపెనీ యజమాని తంతికి జవాబివ్వడం మానేసి అప్పటికి చాలా రోజులైంది. జీతాలు లేవు, తిరిగి పోవడానికి రైలు ఖర్చు లేదు. యంత్రం వదిలి పోతే పని పోతుందని పింటోకు భయం. సుభద్రమ్మ విస్తళ్లు వేసింది. ఆ వారమే బర్రెను గద్వాల సంతకు తోలించింది. బర్రె డబ్బు బియ్యమైంది. ఆ బియ్యం అయిపోతుండగా వడ్డాణం తూకానికి వెళ్లింది.

గోవిందమ్మ ఊరుకోలేక అడిగింది, "ఎవరు వీళ్లు నీకు? జాతా, ఊరా?"

"ఎవరూ కాదు" అంది సుభద్రమ్మ. "పెడతమని పిలిచినం గద."

పిలిచింది ఆమె కాదు. సంఘం పిలిచింది. అయినా అలాగే అంది.

మార్చి మొదటి వారంలో అమరేందర్ ఆమెను మహబూబ్‌నగర్ తీసుకుపోయాడు. గ్రాంటు ఆఫీసువాళ్లు తాను చెబితే వినడం లేదని, కష్టపడ్డ మనిషిని చూస్తే మనసు కరుగుతుందని అతని ఆశ. ఆఫీసులో సూపరింటెండెంటు కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. ఆమెకు కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు.

"ఇది యాత్రికుల్ని పెంచడానికి ఇచ్చే డబ్బమ్మా" అని అతను ఓపిగ్గా చెప్పాడు. "బయటి జిల్లాల వాళ్లు వచ్చి, ఒక్క రాత్రయినా ఉండి, ఇక్కడ నాలుగు డబ్బులు ఖర్చు పెట్టాలి. ఆ లెక్క చూసి తక్కిన వాయిదాలు ఇస్తారు. మీ డేరా నిండింది, కాదనను. నిండింది ఇక్కడివాళ్లతోనే."

"మనోళ్లు సూస్తే తప్పాయెనా సారూ?"

"తప్పని కాదు. దాని కోసం ఇచ్చే డబ్బు కాదు ఇది."

"మా ఇంట్ల తినెటోళ్లు బొంబాయోళ్లే గద. అందరు బయటోళ్లే. రెండు నెలలాయె, ఈ ఊర్లనే పంటున్నరు."

పక్క బల్ల దగ్గర గుమాస్తా నవ్వబోయి ఆపుకున్నాడు. సూపరింటెండెంటు నవ్వలేదు. "వాళ్లు ఆడేవాళ్లమ్మా. చూడవచ్చినవాళ్లు కాదు" అన్నాడు. తర్వాత అమరేందర్ వైపు తిరిగి, షరతు ముందే రాసి ఉందని, చదువుకున్నవాడు చూసుకోవద్దా అని మెల్లగా అడిగాడు. అమరేందర్ ఆ షరతు అప్పుడే చూశాడు. బయటివాళ్లు వస్తారనే నమ్మాడు.

మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఈ నెలాఖరుతో సర్కారు సంవత్సరం ముగుస్తుంది, ఆ లోగా మంజూరు కాకపోతే డబ్బు వెనక్కి పోతుంది అని కూడా చెప్పారు. తిరుగు బస్సులో సుభద్రమ్మ ఇంటి దగ్గర పొయ్యి మీద ఎసరు పెట్టే వేళ అయిందా అని ఎండ వైపు చూస్తూ కూర్చుంది.

కంపెనీ పేరు మీద డీజిల్ అరువిచ్చిన కర్నూలు వ్యాపారి కోర్టు నుంచి జప్తు ఉత్తరువు తెచ్చుకున్నాడు. మార్చి నడుమ ఒక మధ్యాహ్నం కోర్టు అమీనాతో, లారీతో వచ్చి ఇంజను ఆపించాడు. రెండు నెలలుగా రాత్రింబగళ్లు ఊరంతా వినబడిన ఆ శబ్దం ఆగిపోయేసరికి జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి చూశారు. ఇంజనునూ, గొట్టాల యంత్రాన్నీ లారీకెక్కించారు. పింటో అడ్డుపడలేదు. నట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తనే చూపించాడు, విరగ్గొడతారేమోనని.

గడ్డ మిగిలింది. మార్చి ఎండకు డేరా లోపల ఆవిరి లేచింది. గంట గడవకముందే గడ్డ మీద నీళ్లు తేరాయి. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే తపేలాలు, బిందెలు పట్టుకుని వచ్చారు. జ్వరమొచ్చిన పిల్ల కోసమని ఒకరు, దూప తీర్చుకుందామని ఒకరు. గొడ్డళ్లతో కొట్టి ముక్కలు తీసుకున్నారు. ఆటగాళ్లు బెంచీల మీద వరసగా కూర్చుని చూశారు. ఎవరినీ వద్దనలేదు. లోర్నా బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సుభద్రమ్మ వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. కొంతసేపటికి ఉర్దూలో, "ఖానా తయార్ హై, చల్" అని అన్నానికి పిలిచింది.

వాళ్లను పంపడానికి అమరేందర్ తన సైకిలు, భార్య గాజులు అమ్మాడు. తోటి మాస్టర్లు తలా కొంత వేశారు. ఆలంపూర్ రోడ్డు స్టేషన్‌కు మూడు బండ్లలో పోయారు. దారికి సుభద్రమ్మ రెండు బుట్టల పులిహోర కట్టింది, లోర్నాకు వేరే, కారం లేకుండా. పింటో ఆమె ఎదుట చేతులు జోడించి, బొంబాయి చేరగానే తను ఏదో ఒకటి చేస్తానన్నాడు. చేయలేడని ఇద్దరికీ తెలుసు. "బండి యాళ్లయితాంది, పోండ్రి" అని తెలుగులోనే అంది ఆమె.

నెలాఖరు దాటింది. గ్రాంటు వెనక్కి పోయింది. సంఘం పెద్దలు సంతకాలు చేసిన మనిషిని చూపించి తప్పుకున్నారు. ఉత్సవం పేరు మీద బాకీలు చేశాడని పై అధికారులు అమరేందర్‌ను నాగర్‌కర్నూల్‌కు బదిలీ చేశారు. వెళ్లే ముందు అతను సుభద్రమ్మ దగ్గరికి వచ్చి, "మీ బాకీ నాదే అమ్మా. నెలనెలా పంపుత" అన్నాడు.

"నువ్వెక్కడికెల్లి తెస్తవు సారూ" అంది, అంతే.

అతను మాట తప్పలేదు. నెలకు పదిహేను రూపాయలు మనియార్డరు వచ్చేది. వచ్చింది వచ్చినట్టు జానయ్యకు పోయేది. పూటకూళ్ల ఇల్లు నిలబడలేదు. అరువు పుట్టదు, మజ్జిగకు బర్రె లేదు, వచ్చినవాళ్లకు పెట్టడానికి సరుకు లేదు. ఆ వానాకాలంలో ఇల్లు ఖాళీ చేసి గద్వాల బస్టాండు దగ్గర హోటల్లో ఆమె వంటకు కుదిరింది. బిక్షం అక్కడే కూరగాయలు తరిగేవాడు. యజమాని లెక్కబెట్టి గరిటెలు వడ్డించమన్నాడు. మొదట్లో ఆమె చేయి ఆగేది కాదు. మాటలు పడ్డాక ఆగింది.

మరుసటి ఏడు ఎండాకాలంలో మనియార్డర్లు ఆగాయి. రెండు నెలలు చూశారు. జానయ్య గద్వాల వచ్చి, కర్నూలువాళ్లు తన దుకాణానికే తాళం వేస్తామంటున్నారని చెప్పి కూర్చున్నాడు. దాంతో భార్యాభర్తలిద్దరూ నాగర్‌కర్నూల్ పోయారు. బిక్షాన్ని బస్టాండులో కూర్చోబెట్టి, ఆమె అడుగుతూ ఇల్లు పట్టుకుంది.

మాస్టరు బడికి పోయాడు. ఇంట్లో అతని భార్య సావిత్రమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. సుభద్రమ్మ తానెవరో చెప్పగానే ఆమె మొహం పాలిపోయింది. అయినా లోపలికి పిలిచింది. కాళ్లకు నీళ్లిచ్చింది.

"తిని పోవాలె. ఆయనొచ్చే యాళ్లయింది" అంది.

"వద్దమ్మా. తినే వచ్చిన."

"మీ ఇంటికొస్తే ఊకె పోనిస్తరా మీరు?"

విస్తరి వేసింది. అన్నం, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. ఎన్నో ఏళ్లుగా విస్తళ్లు చూసిన మనిషి సుభద్రమ్మ. గిన్నెలో గరిటె అడుగుకు తగిలిన చప్పుడు విన్నది. పులుసులో బెల్లం లేదు, పోపులో నూనె చుక్క లేదు. పలచని మజ్జిగలో గిన్నె అడుగు కనబడుతోంది. పెద్దపిల్ల గడప దగ్గర నిలబడి విస్తరి చూస్తుంటే, సావిత్రమ్మ, "నువ్వు తిన్నవు గద, పో, ఆడుకో" అంది. ఆ పిల్ల తినలేదని సుభద్రమ్మకు ఆ మొహం చూస్తేనే తెలిసింది.

వడ్డించిన అన్నం వదిలేసి లేవలేదు. లేస్తే ఆ ఇల్లాలి పరువు పోతుంది. తింటే పిల్లల ముద్ద పోతుంది. ఆమె మెల్లగా, తల వంచుకుని తిన్నది.

చేయి కడుక్కుంటుండగా అమరేందర్ వచ్చాడు. ఏడాదిలో చాలా చిక్కిపోయాడు. సగం జీతం ఆ ఉత్సవం బాకీల కిందనే కోతపడుతోందని సావిత్రమ్మ అప్పటికే చెప్పింది. అతను గడపలోనే ఆగిపోయాడు.

"ఈ రెండు నెలలు... అమ్మా, నేను..."

"గిటు సుట్టపోళ్లింటికి వచ్చిన సారూ" అంది సుభద్రమ్మ. "పిల్లల సూసిపోదామని వచ్చిన. అంతే."

అతనికి తెలుసు ఆమెకు ఈ ఊళ్లో చుట్టాలు లేరని. ఆమె చెప్పులు వేసుకుంది. సందు మలుపు దాకా అతను వెనకాలే వచ్చి, అక్కడ నిలబడిపోయాడు.

బస్టాండులో బిక్షం ఆమె అడుగుల చప్పుడు పట్టి తల తిప్పాడు.

"ఇచ్చిండా?"

"అడగలె."

జానయ్య గద్వాలలో ఎదురుచూస్తుంటాడన్న సంగతి ఇద్దరి మనసులోనూ ఉంది.

"అన్నమన్న పెట్టిర్రా?"

"పెట్టిర్రు" అంది. గద్వాల బస్సు వస్తే అతని చేయి పట్టుకుని ఎక్కించింది.